చెవిలో మోతకీ దవడ కీలుకీ సంబంధం ఉందా? ఉంది, కానీ డెంటిస్టు చెప్పినంత సూటిగా కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఐదు నెలలుగా కుడి చెవిలో సన్నగా కీచుమనే మోత. ఈఎన్‌టీ డాక్టరు చూసి చెవి శుభ్రంగా ఉంది, వినికిడి పరీక్ష నార్మల్ అన్నారు. అదే వైపు నోరు తెరిస్తే టక్కుమంటుంది, పొద్దున లేచేసరికి దవడ పట్టేసినట్టు ఉంటుంది. ఒక డెంటిస్టు "మోతకి కారణం మీ దవడ కీలే, నైట్ గార్డ్ పెట్టి, నాలుగైదు పళ్లు కాస్త అరగదీస్తే పోతుంది" అన్నారు (నైట్ గార్డ్ అంటే రాత్రి పడుకునేటప్పుడు పళ్లకి తొడుక్కునే తొడుగు). అది నిజమేనా, లేక ఏదో ఒకటి అంటగడుతున్నారా అని మీ అనుమానం. చివర్లో, నొప్పి లేదని ఎడమవైపే నములుతున్నాను, మంచిదేనా అని కూడా అడిగారు.

నేను డెంటిస్టునే. 18 ఏళ్లుగా ఎక్కువగా దవడ కీలు, ముఖం నొప్పులే చూస్తున్నాను. నెలకి ఒకరైనా సరిగ్గా మీ ప్రశ్నతోనే వస్తారు.

ముందు సూటిగా జవాబు. దవడ కీలుకీ చెవి మోతకీ సంబంధం నిజంగానే ఉంది. అయితే చాలామందిలో మోతని పుట్టించేది దవడ కాదు, ఉన్న మోతని పెంచేది దవడ. కొద్దిమందిలో మాత్రం అసలు మూలమే అక్కడ ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే (ఒకే వైపు కావడం, పొద్దున బిగుతు, వినికిడి బాగుండడం) మీ దవడకి ఇందులో వాటా ఉండే అవకాశం బాగానే ఉంది. దవడని సరిచేస్తే దవడ నొప్పి రెండు మూడు నెలల్లో తగ్గుతుందని కాస్త ధైర్యంగానే చెప్పగలను. మోత తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం నేను ఏ పేషెంటుకీ మాట ఇవ్వను, ఇచ్చేవాళ్లని నమ్మను.

ఇంకొకటి, ఇది ముందే చెప్పేయాలి. పళ్లు అరగదీయడానికి ఒప్పుకోకండి. ఎందుకో కింద చెప్తాను.

అసలు సంబంధం ఎక్కడిది?

రెండు చూపుడు వేళ్లూ చెవి రంధ్రాల్లో మెల్లగా పెట్టి నోరు తెరిచి మూయండి. వేళ్ల కొసలకి ఏదో కదిలినట్టు తెలుస్తుంది కదా? అదే కింది దవడ ఎముక తల. అది కూర్చునే గుంట కణత ఎముకలో ఉంటుంది, చెవి గొట్టానికి సరిగ్గా ముందు. మధ్యలో పలచటి గోడ అంతే. అందుకే దవడ కీలు నొప్పిని చాలామంది "చెవి నొప్పి" అనే చెప్తారు. చెవిలో చుక్కలు వేసుకుని, యాంటీబయాటిక్ రెండు కోర్సులు వాడి, అప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎందరో.

ఇరుగుపొరుగు కాబట్టి ఒకదాన్నొకటి నొక్కుతున్నాయేమో అనిపించడం సహజం. మా రంగంలోనూ మొదట అలాగే అనుకున్నారు. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కోస్టెన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు, వెనక పళ్లు పోయినవాళ్లలో దవడ మరీ ఎక్కువ మూసుకుని, ఎముక వెనక్కి జరిగి చెవి భాగాల్ని నొక్కుతుందనీ, దానివల్లే మోత, చెవి దిబ్బడ, కళ్లు తిరగడం వస్తాయనీ రాశాడు. చాలాకాలం దీన్ని కోస్టెన్ సిండ్రోమ్ అనే పిలిచారు. ఆయన గమనించిన జత లక్షణాలు నిజం. చెప్పిన కారణం మాత్రం తప్పు. అక్కడి ఎముకల అమరికని జాగ్రత్తగా చూసినవాళ్లు అలా నొక్కడం కుదరదని తేల్చారు. కానీ "పళ్ల ఎత్తు సరిచేస్తే చెవి బాగవుతుంది" అనే నమ్మకం ఆ రోజుల నుంచే మా వృత్తికి అంటుకుంది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. మీ డెంటిస్టు నోట వచ్చిన "అరగదీద్దాం" అనే మాట వేర్లు అక్కడే ఉన్నాయి.

ఇంకో వాదన కూడా ఉంది. 1962లో పింటో అనే ఆయన దవడ కీలులోని మెత్తటి చక్రం నుంచి చెవి లోపలి సుత్తి ఎముక వరకు పోయే చిన్న తాడులాంటి కట్టుని వర్ణించాడు. దవడ లాగితే చెవి ఎముక కదులుతుందన్నమాట. వినడానికి ఎంతో బాగుంటుంది. అయితే ఆ కట్టు కొందరిలో గట్టిగా, కొందరిలో ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. మామూలు దవడ కదలికతో అది సుత్తి ఎముకని లాగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నేను దీన్ని పేషెంట్లకి చెప్పడం మానేశాను. చెప్తే ఆ రోజు నుంచి "నా ఎముకని ఏదో లాగుతోంది డాక్టర్" అని భయపడుతున్నారు.

అసలు సుత్తి ఎముక, దాగలి ఎముక దవడ చుట్టాలే అని మీకు తెలుసా? తల్లి కడుపులో బిడ్డ ముఖం తయారవుతున్నప్పుడు మెకెల్ మృదులాస్థి అనే ఒకే పట్టీ ఉంటుంది. దాని వెనక చివర నుంచి చెవిలోని ఈ రెండు ఎముకలూ వస్తాయి, మిగతా భాగం వెంబడి కింది దవడ ఏర్పడుతుంది. సరీసృపాల్లో దవడ కీలుగా పనిచేసే ఎముకలే మనలాంటి పాలిచ్చే జంతువుల్లో చెవిలోకి చేరాయి. ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. జర్మనీలో రైఖెర్ట్ అనే శాస్త్రవేత్త 1837లోనే ఆ ఎముకల పోలికని చూపించాడు. దీనివల్ల మీ మోత తగ్గదు, నిజమే, కానీ చెవీ దవడా ఒకే ఇంట్లో పుట్టి వేరు కాపురం పెట్టినవని గుర్తుంటే తర్వాత చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా బలమైన ఆధారం ఉన్న దారి: నరాలు.

దవడ కండరాలు, కీలు, పళ్లు, వీటన్నిటి సమాచారాన్నీ మెదడుకి మోసే నరం ట్రైజెమినల్ నరం. చెవి నుంచి శబ్దం మెదడు కాండానికి చేరగానే మొదటి మజిలీ కాక్లియర్ కేంద్రకం. ఆ కేంద్రకంలో వెనకవైపు ఉండే భాగానికి ట్రైజెమినల్ నరం నుంచీ, మెడ పైభాగం నరాల నుంచీ కూడా తీగలు వస్తాయి. మామూలుగా వీటి పని మంచిదే. మనం నములుతున్నప్పుడు, మాట్లాడుతున్నప్పుడు మన సొంత చప్పుడు మనకే హోరెత్తకుండా తగ్గించడంలో వీటికి పాత్ర ఉందంటారు. చెవి నుంచి వచ్చే సమాచారం కాస్త తగ్గినప్పుడు ఈ పక్క తీగల జోరు పెరుగుతుందని అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో సూసన్ షోర్ బృందం జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించింది. అంటే రాత్రంతా పళ్లు బిగించి అలసిపోయిన దవడ కండరం పంపే సందేశాలు, శబ్దం వినే తీగల గుంపులో కలిసి, మెదడుకి శబ్దంలా వినిపించే అవకాశం ఉంది. శబ్దం బయటా లేదు, చెవిలోనూ లేదు. దారిలో పుడుతోంది.

దీనికి తోడు, చెవి లోపల కర్ణభేరిని బిగించే చిన్న కండరం ఒకటుంది, టెన్సార్ టింపనీ అని. దానికి ఆజ్ఞ ఇచ్చేది కూడా దవడ కండరాలకి ఇచ్చే నరం కొమ్మే. గొంతు నుంచి చెవికి పోయే గొట్టాన్ని తెరిచే కండరానిదీ అదే నరం. దవడ బిగుసుకున్నవాళ్లలో చాలామంది చెవి దిబ్బడ, ఒత్తిడి, విమానం దిగేటప్పటి లాంటి మూత చెప్పడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇంట్లోనే చూసుకునే పరీక్ష

రాత్రి నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోండి. మోత ఎంత ఉందో గమనించండి. తర్వాత ఒక్కొక్కటీ ఐదారు సెకన్లు చేయండి: పళ్లు బిగించడం, నోరు పూర్తిగా తెరవడం, కింది దవడ ముందుకి చాచడం, కుడికి ఎడమకి జరపడం. తర్వాత మెడ అటూ ఇటూ తిప్పడం, అరచేతిని నుదుటికి ఆనించి తలతో దాన్ని నెట్టడం. ఏదైనా చేసినప్పుడు మోత పెరిగిందా, తగ్గిందా, స్వరం మారిందా?

మారితే వెంటనే "దొరికింది, దవడే" అనుకోవద్దు. ఇక్కడే నాతో సహా చాలామంది డెంటిస్టులు బోల్తా పడ్డారు. చెవి సమస్యతో మోత వచ్చినవాళ్లలో కూడా చాలామందికి పళ్లు గట్టిగా బిగిస్తే మోత మారుతుంది. పైగా అసలు మోతే లేనివాళ్లు నిశ్శబ్దంలో పళ్లు బిగించినా లోపల గుర్రుమని ఒక చప్పుడు వినిపిస్తుంది, అది కండరాల సొంత చప్పుడు.

నేను ఎక్కువ బరువు ఇచ్చేది మిగతా కథకి. మోతా దవడ నొప్పీ దాదాపు ఒకేసారి మొదలయ్యాయా? నొప్పి ఎక్కువైన రోజున మోత కూడా ఎక్కువవుతుందా? రెండూ ఒకే వైపా? పొద్దున లేవగానే ఎక్కువ ఉండి పనిలో పడ్డాక తగ్గుతుందా? దవడ కండరాన్ని వేలితో నొక్కితే మోత మారుతుందా? 2018లో వివిధ దేశాల నిపుణులు కలిసి, శరీర కదలికలతో ముడిపడ్డ మోతని ఎలా గుర్తుపట్టాలో రాసుకున్న ప్రమాణాల్లో ఉన్నవీ ఇలాంటివే. వీటిలో రెండు మూడింటికి మీ జవాబు అవును అయితే, దవడ మీద పని చేయడం దండగ కాదు.

ఒక తేడా చెప్పాలి. నోరు తెరిచినప్పుడు వచ్చే టక్కు, కరకర చప్పుడు మోత కాదు. అది కీలులోని చక్రం జారడం వల్ల వచ్చే నిజమైన చప్పుడు, చెవి పక్కనే కాబట్టి పెద్దగా వినిపిస్తుంది. నొప్పి లేకుండా, నోరు ఇరుక్కోకుండా ఉన్న టక్కుకి వైద్యం అక్కర్లేదు. ఎంఆర్‌ఐ తీస్తే ఏ బాధా లేనివాళ్లలో కూడా చాలామందికి ఆ చక్రం పక్కకి జరిగి కనిపిస్తుంది. ఆ రిపోర్టు చదువుకుని టెన్షన్ పడి, ఆ టెన్షన్‌తో పళ్లు బిగించి, దాంతో నొప్పి తెచ్చుకున్నవాళ్లని చూశాను.

దవడ సంగతి చూసే ముందు

మీది ఒకే వైపు మోత. ఈఎన్‌టీ చూశారు, వినికిడి పరీక్ష చేశారు, మంచిదే. అయినా ఒకే చెవిలో ఆగకుండా నెలల తరబడి మోత ఉంటే, వినికిడి నరం మీద చిన్న గడ్డ లాంటివి లేవని తేల్చుకోవడానికి ఎంఆర్‌ఐ అవసరమా అని ఈఎన్‌టీ డాక్టర్ని ఒకసారి అడగండి. ఆ గడ్డలు అరుదు, ఉన్నా సాధారణంగా క్యాన్సర్ కావు, మెల్లగా పెరుగుతాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. దవడ మీద ఏడాది గడిపాక ఆ ప్రశ్న అడగడం కన్నా ఇప్పుడే అడగడం మేలు.

కింది వాటిలో ఏదున్నా డెంటిస్టు దగ్గరికి కాదు, నేరుగా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి:

హఠాత్తుగా ఒక చెవి వినిపించకపోవడం. ఒక్క రోజులో, రెండు మూడు రోజుల్లో వినికిడి పడిపోతే అది అత్యవసరం. స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లోపు మొదలుపెడితేనే ఫలితం ఉండే అవకాశం ఎక్కువ. "చలికి దిబ్బడ వేసింది, అదే పోతుంది" అని ఆగకూడదు.

గుండె కొట్టుకున్న లయలోనే మోత వినిపించడం. నాడి పట్టుకుని చూడండి, రెండూ కలిస్తే రక్తనాళాల్ని పరీక్షించాలి.

మోతతోపాటు ముఖం ఒక వైపు వాలిపోవడం, తిమ్మిరి, తల గిర్రున తిరగడం.

50 దాటినవాళ్లలో కొత్తగా వచ్చిన కణత నొప్పి, నమిలితే దవడ అలిసిపోయి ఆగాల్సి రావడం, చూపు మసకబారడం. ఇది కణతలోని ధమని వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపు పోతుంది. అలాగే నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వచ్చి ఆగితే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు.

ఇక చెవిలో గులిమి గట్టిపడ్డా మోత వస్తుంది. కొన్ని మందులూ తెస్తాయి: ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు. అన్నిటికన్నా మామూలు కారణం వయసుతోనో, పెద్ద శబ్దాల వల్లనో వచ్చే వినికిడి లోపం. మోత ఉన్న పదిమందిని వరసగా నిలబెడితే దవడ కేసులు ఎక్కువ కనిపించవు.

నేను పడ్డ పొరపాటు ఒకటి చెప్తాను. ఏళ్ల కిందట 58 ఏళ్ల మనిషి వచ్చారు. రెండు చెవుల్లో మోత, దవడ టక్కుమంటుంది, పళ్లు అరిగిపోయి ఉన్నాయి. పళ్లు కొరుకుతారని చూడగానే తెలుస్తోంది. నాకు అంతా సరిపోయింది. నైట్ గార్డ్ చేసి ఇచ్చాను, నాలుగు నెలలు తిప్పాను. దవడ హాయిగా ఉంది, మోత అణువంత తగ్గలేదు. అప్పుడు వాళ్లావిడ అన్నారు, "టీవీ సౌండ్ మాత్రం ఇంట్లో ఎవరూ భరించలేకపోతున్నాం డాక్టర్‌గారూ." వినికిడి పరీక్ష చేయిస్తే పై స్వరాలు రెండు వైపులా బాగా పడిపోయి ఉన్నాయి. వినికిడి యంత్రం పెట్టుకున్న నెలకి మోత పట్టించుకోనంతగా తగ్గిందన్నారు. నాలుగు నెలల కిందటే నేను అడగాల్సిన ప్రశ్న అది. ఆ తర్వాత నుంచి వినికిడి పరీక్ష కాగితం చూడకుండా చెవి మోతకి దవడ వైద్యం మొదలుపెట్టడం లేదు.

దీనికి పూర్తిగా వేరే కేసు, పరీక్షలకి చదువుతున్న ఒక అమ్మాయి. ఎడమ చెవిలో మోత, ఎడమ బుగ్గ కండరం రాయిలా ఉంది, వేలు పెడితే "అదే, అదే, ఇప్పుడు మోత పెరిగింది" అంది. రాత్రి పళ్లు కొరకదు, గదిలో పడుకునే అక్కని అడిగి తెలుసుకున్నాను. పగలు బిగిస్తోంది. పుస్తకం ముందు కూర్చుంటే చాలు, తెలియకుండానే పళ్లు కరుచుకుని ఉంటోంది. ఆరు వారాలు కేవలం ఆ అలవాటు మానడం, వేడి కాపడం, మెడకీ దవడకీ వ్యాయామం. నొప్పి పోయింది. మోత పూర్తిగా పోలేదు, రాత్రి నిశ్శబ్దంలో చెవి పెట్టి వింటే ఉంటుందట. "కానీ డాక్టర్, ఇప్పుడు వెతికితే గానీ దొరకడం లేదు" అంది. ఈ రకం ఫలితమే నేను ఎక్కువగా చూస్తాను.

మీరు చేయాల్సింది

పగటి బిగింపు మానడం అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది రాత్రి సంగతే ఆలోచిస్తారు. నమలడం, మింగడం అన్నీ కలిపినా ఒక రోజులో పై పళ్లూ కింది పళ్లూ తగలాల్సిన సమయం అరగంట కూడా ఉండదు. మిగతా వేళంతా వాటి మధ్య సందు ఉండాలి. ఇది నేర్పడానికి నేను ఒక చిట్కా వాడతాను. "మ్" అనండి. పెదాలు కలిశాయి, పళ్లు కలవలేదు. దవడ అలాగే ఉంచండి. ఇప్పుడు "ల" అనేటప్పుడు నాలుక కొస ఆనే చోట, పై పళ్ల వెనక, నాలుకని మెత్తగా ఆనించండి. ముక్కుతో గాలి పీల్చండి. దవడకి విశ్రాంతి అంటే ఇదే. ఫోన్‌లో గంటకో అలారం పెట్టుకోండి, మోగినప్పుడల్లా పళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. మొదటి మూడు రోజులు మీకే ఆశ్చర్యం వేస్తుంది ఎన్నిసార్లు దొరికిపోతారో.

రెండు మూడు వారాలు గట్టివి, సాగేవి తినకండి. చూయింగ్ గమ్ పూర్తిగా బంద్. పెద్ద ముద్ద కాకుండా చిన్న ముద్దలు. ఆవలింత వస్తే నాలుకని అంగిలికి ఆనించి, గడ్డం కింద పిడికిలి పెట్టి ఆవలించండి, నోరు మరీ తెరుచుకోదు. బోర్లా పడుకుని చెంప దిండుకి నొక్కడం, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించడం, గోళ్లు కొరకడం, పెన్ను కొరకడం మానాలి.

రోజుకి రెండుసార్లు పావుగంట చొప్పున తడి వేడి కాపడం బుగ్గ మీద, కణత మీద. తర్వాత మెల్లగా వేళ్లతో కండరాన్ని పైనుంచి కిందికి రుద్దడం. తర్వాత నాలుక కొస అంగిలికి ఆనించి, అది ఊడకుండా తెరవగలిగినంతే నోరు తెరవడం, మూయడం, ఆరు సార్లు. అద్దంలో చూస్తూ గడ్డం పక్కకి పోకుండా చూసుకోండి. వీలైతే దవడ, మెడ మీద అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి, నేనిలా రాసింది చదివి చేయడానికీ చేయి పట్టి నేర్పించడానికీ చాలా తేడా ఉంది. 2023లో బీఎంజే పత్రికలో వచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలపు దవడ నొప్పికి గట్టిగా సిఫార్సు చేసినవి వ్యాయామాలు, చేతితో చేసే ఫిజియో, ఆలోచనా విధానాన్ని మార్చే సీబీటీ అనే మాటల చికిత్స. ఖరీదైన పరికరాలు ఆ జాబితాలో లేవు.

నొప్పి మాత్రలు డాక్టరు చెబితే కొద్దిరోజులే. సొంతంగా ఆస్పిరిన్ మింగుతూ పోవద్దు, పైన చెప్పినట్టు ఎక్కువైతే అదే మోత తెస్తుంది. డిప్రెషన్‌కి, ఆందోళనకి ఈ మధ్య కొత్త మందు మొదలుపెట్టారా? ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ వంటివి కొందరిలో పళ్లు బిగించడాన్ని పెంచుతాయి. అలా అనిపిస్తే రాసిన డాక్టరుతో మాట్లాడండి, సొంతంగా ఆపొద్దు.

ఇక నైట్ గార్డ్. నేను చేస్తాను, అందరికీ కాదు. రాత్రి పళ్లు కొరికేవాళ్లలో అది పళ్లని అరగకుండా కాపాడుతుంది, ఇందులో వాదన లేదు. నొప్పికి కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి ఏమీ చేయదు. నేను చెప్పిన ఆ బీఎంజే మార్గదర్శకాలు దీన్ని తప్పనిసరి చేయలేదు సరికదా, నొప్పి కోసం మామూలుగా వాడకపోవడం వైపే మొగ్గాయి. మోతకి దీని మీద మాత్రమే ఆశ పెట్టుకోకండి. చేయించుకుంటే గట్టిది, ఒక వరసలోని అన్ని పళ్లనీ కప్పేది చేయించుకోండి. ముందు పళ్లకే తగిలించేవి అదే పనిగా పెట్టుకుంటే పళ్లు జరిగి కాటు (పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు) మారుతుంది. దుకాణంలో దొరికే మెత్తటివి కొందరికి నమలబుద్ధి పుట్టిస్తాయి, ఇంకా ఎక్కువ బిగిస్తారు. పొద్దున తీసేశాక చాలాసేపు పళ్లు సరిగ్గా కలవడం లేదనిపిస్తే వాడకం ఆపి చూపించుకోండి.

పళ్లు అరగదీయడం గురించి. నైట్ గార్డ్ నచ్చకపోతే పక్కన పడేయొచ్చు. అరగదీసిన పన్ను తిరిగి రాదు. కాటులోని చిన్న చిన్న తేడాల వల్లే దవడ నొప్పి వస్తుందన్న పాత ఆలోచనకి ఇప్పుడు సరైన ఆధారం లేదు, మోతకైతే అసలే లేదు. ఒకామె వేరేచోట మూడు విడతలుగా పళ్లు అరగదీయించుకుని నా దగ్గరికి వచ్చింది. మోత అలాగే ఉంది. కొత్తగా వచ్చిందేమిటంటే, పళ్లు ఎక్కడ కలపాలో దవడకి తెలియడం లేదు, రోజంతా వెతుక్కుంటోంది. ఆ వెతుకులాటతో కండరాలు ఇంకా అలిసిపోయాయి. ఆమెని మామూలు స్థితికి తేవడానికి ఏడాదిన్నర పట్టింది. మోత కోసం క్యాపులు, క్లిప్పులు వేయిస్తామన్నా నా సమాధానం ఇదే.

బోటాక్స్ ఇంజెక్షన్, కీలు లోపల కడగడం, ఆపరేషన్, ఇవి మోత కోసం చేసేవి కావు. నోరు 40 మిల్లీమీటర్ల దాకా కూడా తెరుచుకోకుండా ఇరుక్కుపోతే (మీ మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టకపోతే) అప్పుడు కీలు కడగడం గురించి మాట్లాడతాం.

మోత సంగతి విడిగా

దవడ పని జరుగుతుండగానే మోత మీద కూడా కొంత పని చేయాలి. పూర్తి నిశ్శబ్దం దానికి వేదిక లాంటిది, అందుకే పడుకునేటప్పుడు ఫ్యానో, వాన చప్పుడో సన్నగా ఉండనివ్వండి. మోతని ముంచేసేంత కాదు, దానికి తోడుగా ఉండేంత. నిద్ర సరిగ్గా లేకపోతే మోతా, పళ్ల బిగింపూ రెండూ పెరుగుతాయి. బాధ ఎక్కువగా ఉంటే సీబీటీకి మంచి ఆధారం ఉంది. అది మోతని తీసేయదు, మోతతో మీకున్న గొడవని తీసేస్తుంది. గింకో, జింక్, మెలటోనిన్ మోతకి వాడొద్దని అమెరికా ఈఎన్‌టీ నిపుణుల సంఘం 2014లోనే చెప్పింది, అమ్మేవాళ్లు మాత్రం అమ్ముతూనే ఉన్నారు.

ఒక చిన్న పుస్తకంలో రోజుకి ఒక్కసారి, ఒకే వేళకి, రెండు అంకెలు రాయండి: దవడ నొప్పి పదికి ఎంత, మోత పదికి ఎంత. ఒక్కసారే. గంటగంటకీ "ఉందా, ఉందా" అని వింటుంటే అది ఉండకేం చేస్తుంది? పది పన్నెండు వారాల తర్వాత ఆ రెండు వరసలూ పక్కపక్కన చూడండి. రెండూ కలిసి దిగుతుంటే దవడకి వాటా ఉన్నట్టే, ఇంకొంతకాలం అదే దారిలో వెళ్లండి. నొప్పి దిగి మోత కదలకపోతే దవడ ఇందులో పెద్ద దోషి కాదు, నా లాంటివాళ్ల చుట్టూ తిరగడం ఆపి ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గరికి వెళ్లండి. వినికిడి పరీక్ష నార్మల్ అని వచ్చినా, మామూలు పరీక్ష 8000 హెర్ట్జ్ వరకే చూస్తుంది. ఆ పైన ఏముందో దానికి తెలియదు.

చివరిగా, ఎడమవైపే నమలడం గురించి. వద్దు. వినడానికి వింతగా ఉంటుంది కానీ, ఒక వైపు నమిలినప్పుడు నమలని వైపు కీలు మీదే చాలాసార్లు ఎక్కువ భారం పడుతుంది. అంటే కుడివైపుకి విశ్రాంతి ఇస్తున్నానని మీరు ఎడమవైపు నమిలిన ప్రతిసారీ కుడి కీలే మోస్తోంది. మెత్తటివి తీసుకుని రెండు వైపులా సమంగా నమలండి. కుడివైపు పన్ను ఏదైనా పుచ్చి నొప్పి వల్ల అటు నమలలేకపోతుంటే, దవడ కన్నా ముందు ఆ పన్ను చూపించుకోండి.